చేతుల తీర్పు

లక్సెట్టిపేట కట్టెల డిపోలో ముకర్రం భాయ్ రెండు కొత్త రంపం మిషన్లు నా ముందు పెట్టాడు. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. వాటిలో ఒకటే కొంటాడు.

ఒకే తుమ్మ దుంగను రెండింటితోనూ కోశాను. ఏదీ వెనకబడలేదు.

"కోసుడు ఎంత జల్ది అయితుందో ఎవలకైనా కనవడ్తది, పేతురన్నా. చేతుల ఏది తక్కువ వణుకుతుంది? నీ చెయ్యి ఏది చెప్తే గదే కొంట," అన్నాడు.

మా డిపోలో అదే ఆనవాయితీ. ఏ మిషన్ వచ్చినా నా చేతుల తీర్పే తీర్పు. పద్దెనిమిదేళ్లు మిషన్ పడితే వచ్చిన పేరది. ఆ పద్దెనిమిదేళ్లే నా వేళ్లలో స్పర్శ లేకుండా చేశాయని నా భార్య బుచ్చవ్వకు తప్ప ఎవరికీ తెలియదు. పొద్దున్నే నా చొక్కా గుండీలు ఆమే పెడుతుంది. ఈ సంగతి బయటపెడితే రేపు నా చేతికి మిషన్ ఎవడిస్తాడు?

ఒకదాని తర్వాత ఒకటి మళ్లీ స్టార్ట్ చేశాను. కళ్లు మూసుకుని ఆ వణుకు కోసం వెతికాను. చెవుల నిండా మోత ఉంది. చేతుల్లో మాత్రం ఏమీ లేదు.

"ఎర్రది మెత్తగున్నది," అన్నాను.

ముకర్రం మురిసిపోయి, పొయ్యి మీద మరుగుతున్న చాయ్ రెండు గాజు గ్లాసుల్లో పోశాడు. తన గ్లాసును అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని ఊదుకుంటున్నాడు. నేను నాదాన్ని పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను.

అతను ఊదడం ఆపేశాడు. నా పిడికిలినే చూస్తున్నాడు.

"అన్నా, చెయ్యి కాలుతలేదా?"