అక్కి రాయించుకున్న నాలుగు రోజులు

డెబ్బై తొమ్మిదిలో మాట. ఏడో నెలలో నాకు బొడ్డు చుట్టూ దురద మొదలైంది. వారం తిరిగేసరికి పొట్టంతా నీటి పొక్కులు. రాత్రిళ్లు కంటికి కునుకు లేదు. నేనేమైపోయినా సరే, బిడ్డ బతికితే చాలు అనుకునేంత విసిగిపోయాను.

కుప్పంలో బస్సెక్కి, పుంగనూరులో మారి మదనపల్లెకు వెళ్లాం. "ఇది గర్భంతో వచ్చే జబ్బు. వేలల్లో ఒకరికి వస్తుంది, అంటుకోదు. ఈ మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దు, మానితే బిడ్డకు మంచిది కాదు" అంది డాక్టరమ్మ. పది రోజులు మింగాను. పొక్కులు కాస్త తగ్గాయి.

మా అత్త నారాయణమ్మకు అది చాల్లేదు. "సౌడమ్మా, ఇవి అక్కి పొక్కులే. కుమ్మర రామప్ప ఎర్ర కావిమట్టితో సింహం బొమ్మ రాస్తే ఎండిపోతాది. రాసినన్నాళ్లూ మందు మింగగూడదు" అని మాత్రలు తన కొంగున ముడేసుకుంది. పోట్లాడటానికి ఓపికుంటే కదా!

రామప్ప ముసలాయన. అయినా మగవాడి ముందు కోడలి పొట్ట కనబడకూడదని, అత్త చీర కప్పి కుడివైపు జానెడు మాత్రమే వదిలింది. ఆయన మూడు రోజులు ఆ జానెడులోనే సింహాలు గీశాడు. చీర కింద కొత్త పొక్కులు లేస్తూనే ఉన్నాయి. నాలుగో పొద్దున బిడ్డ కదలిక తగ్గింది.

రామప్ప వచ్చి కూర్చోగానే నేనే చీర లాగి పడేశాను. సిగ్గుపడటానికి కూడా సత్తువ కావాలి.

ఆయన చెయ్యి ఆగిపోయింది. "నారాయణమ్మా, అక్కి ఒగ పక్కనే వస్తాది. ఇది బొడ్డు సుట్టూ రెండు పక్కలా ఉండాది. ముందే యాల సూపించలేదు? నా కావికి లొంగేది కాదమ్మా ఇది. బస్సెక్కండి" అని కావి గిన్నె ఎత్తుకుని లేచాడు.

పుంగనూరు బస్టాండులో అత్త కొంగు ముడి విప్పి మాత్ర నా చేతిలో పెట్టింది.

ఎనిమిదో నెలలోనే పాప పుట్టింది. గుప్పెడంత ఉంది. తొడల మీద నాలుగు పొక్కులు, అవే మానిపోతాయన్నారు. "మళ్లీ కడుపొస్తే ఈ జబ్బు మళ్లీ రావచ్చు, ఇంకా ముందే రావచ్చు" అంది డాక్టరమ్మ.

మనవడి కోసం కొండకు మొక్కుకున్న మనిషి మా అత్త. మనవరాలిని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇంగ వద్దులేమ్మా. ఈ బిడ్డ సాలు. నా కొడుక్కి నేను సెప్తాను."

అన్ని రోజులూ ఏడవని దాన్ని, అప్పుడేడ్చాను.