వీరమ్మాళ్ నడిపిన అమైది పేరణి

కినత్తుకడవు కాలనీలో వీరమ్మాళ్ గొంతు వినని చెవి లేదు. ఇరవై ఆరేళ్లు పంచాయతీ వీధులు ఊడ్చి, పోయిన ఏడాదే పని మానేసింది. ఆమె ఇంట్లో నిలబడి మనవరాలిని పిలిస్తే పక్క వీధి పిల్లలు కూడా లేచి కూర్చునేవారు. అందుకే కోయంబత్తూరు నుంచి ఆనంది టీచరు నేరుగా ఆమె ఇంటికే వచ్చింది.

ఆనంది కాలేజీలో పాఠాలు చెబుతుంది. సెలవు రోజుల్లో శాంతి, సమానత్వం అంటూ ఊరూరా సభలు పెట్టే ఒక చిన్న సంఘంలో తిరుగుతుంది. రాబోయే ఆదివారం పొద్దున కాలనీ నుంచి కొబ్బరితోపు దాకా ‘అమైది పేరణి’ పెడుతున్నామని తమిళంలో చెప్పింది. మనుషుల్ని కూడగట్టే పని వీరమ్మాళ్‌ది, నినాదాల కాగితం తెచ్చే పని తనది.

తోపు దురైసామిది. దాని మధ్యలోంచి పోయే బండిదారి మాత్రం ఊరందరిదీ. బస్సుకైనా ఆసుపత్రికైనా కాలనీవాళ్లు ఆ దారినే పోయేవారు. రెండేళ్ల కిందట కాయలు పోతున్నాయని దురైసామి అక్కడ ఇనుప గేటు పెట్టి తాళం వేశాడు. అప్పటినుంచి రెండు కిలోమీటర్లు చుట్టు. ఆ చుట్టు ఎంత పొడుగో వీరమ్మాళ్ మోకాళ్లను అడగాలి.

తమిళంలో పేరణి అంటే ఊరేగింపు, అమైది అంటే శాంతి. నోరు మూసుకుని ఉండడాన్నీ అదే మాటతో చెబుతారు. వీరమ్మాళ్ బడికి పోయింది రెండేళ్లే. ఆ రెండేళ్లూ అయ్యవారు బెత్తంతో బల్ల మీద కొట్టి ‘అమైది!’ అని అరవడమే విన్నది. కాబట్టి ఆమెకు అర్థమైంది ఒక్కటే: ఆదివారం ఎవరూ నోరు తెరవకూడదు. ఇంటింటికీ పోయి ఆ సంగతే చెప్పింది. నవ్వొస్తే కొంగు కొరుక్కోమంది, తుమ్మొస్తే వెనక్కి పొమ్మంది. వీరమ్మాళే మాట్లాడకుండా నడుస్తుందట, చూసి తీరాలని అరవై మంది వచ్చారు.

ఆనంది ఎక్కిన బస్సు దారిలో టైరు పోయి నిలిచిపోయింది. ఆమె కోసం అరగంట చూసి ఊరేగింపు బయలుదేరింది. ముందు వీరమ్మాళ్. టీ కొట్టు సుబ్రమణియం గ్లాసు చేత్తో పట్టుకుని బయటికొచ్చి ఎక్కడికని అడిగితే, నోటిదాకా వచ్చిన జవాబును ఆమె మింగేసింది. అంత కష్టం ఆమె జీవితంలో ఎన్నడూ పడలేదు.

పేరణి వస్తోందని తెలిసి దురైసామి పొద్దుటినుంచీ గేటు వెనక కుర్చీ వేసుకుని కాగితాల సంచీతో కాచుకుని ఉన్నాడు. ఏ నినాదానికి ఏ జవాబివ్వాలో వరసగా అనుకుని పెట్టుకున్నాడు. అరవై మందీ వచ్చి నిలబడి అతన్నే చూశారు. నినాదం లేదు.

కాలనీవాళ్లలాగే అతని ఇంట్లోనూ తెలుగే. “ఏమి వీరమ్మా, ఏల వచ్చినారు అంతా?” అని అడిగాడు.

వీరమ్మాళ్ పలకలేదు. అతను గేటు గురించి అందుకున్నాడు, దొంగల గురించి చెప్పాడు. ఎవరూ కాదనలేదు, అవుననలేదు. కాసేపటికి, కాయలు దించింది కాలనీవాళ్లని తాను అనలేదనీ, అన్నది తన బావమరిదనీ ఒప్పుకున్నాడు. అప్పుడూ ఎవరూ కదల్లేదు. దురైసామి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

“ఆ పంచాయతీ పైపులోనించి నేను తోపుకు నీళ్లు తిప్పుకొన్నది మీకు ఎవరు చెప్పినారు?”

ఎవరూ చెప్పలేదు. కాలనీలో ఏడాదిగా కుళాయి సన్నగా కారుతుంటే మోటారు పాతదైపోయిందని అందరూ దాన్నే తిట్టుకుంటున్నారు. వీరమ్మాళ్‌కు కడుపులోంచి బూతులు తన్నుకొచ్చాయి. కొంగు సగం నోట్లో కుక్కుకుంది.

అప్పుడు గేటు పక్కనే ఉన్న ఇంటి అరుగు మీద నుంచి దురైసామి తల్లి పాపమ్మాళ్ కర్రతో నేలమీద తట్టింది. ఎనభై దాటిన మనిషి.

“ఒరే దురై, ఆ తాళం చావి వాళ్లకు ఇచ్చేయి. ఇంకా ఏమేమి చెప్పేస్తావో అని నాకు భయంగా ఉండాది.”

దురైసామి తాళం తీశాడు. అదే సమయానికి ఆనంది ఆటో దిగి, నినాదాల కాగితం ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ఎందుకిలా మూగవాళ్లలా నిలబడ్డారని ఆమె అడిగితే, మీరే కదా అమైది అన్నారని వీరమ్మాళ్ ఎదురడిగింది. విషయం తెలిసి ఆనంది కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇక నోరు తెరిచినట్టే కాబట్టి వీరమ్మాళ్ గేటు వైపు తిరిగింది. ఎన్నేళ్లనుంచో ఆమె అతన్ని అయ్యా అనే పిలిచేది.

“ఆ నీళ్లు మళ్లా మాకు ఎప్పుడు తిప్పుతావు, దురైసామీ?”

ఆ మాట విని దురైసామే కాదు, ఆమె కూడా ఉలిక్కిపడింది. రేపు, అన్నాడతను చిన్నగా. రేపు కాదుగానీ గురువారానికి తిప్పాడు. గేటు ఊడబీకించడానికి మాత్రం ఇంకో నెల, రెండు అర్జీలు పట్టింది.

ఆ ఆదివారం అందరూ తోపు దారిన నడిచి మెయిన్ రోడ్డెక్కారు. వాళ్లను చూసి పొల్లాచ్చి బస్సు ఆగింది. అరవై మందా అని కండక్టరు కంగారుపడ్డాడు. ఎవరికీ ఎక్కడికీ పోయే పనిలేదనీ, ఈ దారిన ఎంత తొందరగా రావచ్చో చూద్దామని వచ్చామనీ వీరమ్మాళ్ అతనికి తీరిగ్గా వివరించింది.