తెల్ల కాగితం కింద పాట

రికార్డు ప్లేయర్లు బాగుచేసే మెకానిక్ భార్యకు తమ్ముడంటే ప్రాణం. తల్లి పోయినప్పుడు వాడికి మూడేళ్ళు, ఆమెకు పదమూడు. ఒళ్ళో పడుకోబెట్టుకుని పాటలు పాడుతూ పెంచింది. అలా పెరిగినవాడు ఇప్పుడు ఇంటర్నెట్లో 'బంగారు చెవి'. వాడు ఏ పాట బాగుందంటే పన్నెండు లక్షల మందికి అదే బాగుంటుంది.

ఆ చెవికి మెరుగు పెట్టింది ఆమె మొగుడి షాపు వెనక గదిలో. ఆదివారం సాయంత్రాలు ఒక పోస్ట్‌మాన్, ఒక నర్సు, రిటైరైన లెక్కల మేష్టారు, ఇలా పదిమంది పిచ్చివాళ్ళు చేరి ఎవరికీ అక్కర్లేని పాత రికార్డులు వినేవారు. మరీ అపురూపమైనది దొరికితే దాని పేరు మీద తెల్ల కాగితం అంటించేవారు. ఎవరు పాడారో తెలియకుండా విని, నచ్చాకే కాగితం తీయాలి. తమ్ముడు నాలుగేళ్ళు అక్కడే కూర్చుని, రికార్డులన్నీ ఫోన్లోకి ఎక్కించుకుని, ఇంటర్నెట్లో పెట్టి, చెత్తకుప్పలు వెతికి తానే సాధించానని లోకానికి చెప్పుకున్నాడు. ఫోన్లో దొరికేదానికి ఇంత దూరం ఎందుకని ఒక్కొక్కరే రావడం మానేశారు. చివరికి ఆ గదిలో మెకానిక్ ఒక్కడే మిగిలాడు.

"వాడికి చెవీ లేదు, చెవిపోగూ లేదు. ఉన్నదల్లా చేతివాటం. రుజువు చేస్తాను చూడు," అన్నాడు భార్యతో.

షాపులో రికార్డు చెక్కే పాత యంత్రం ఒకటుంది. దానిమీద ఆమె పాటే చెక్కి, కాగితం అంటించి, వాడి కంట పడేలా పెడతానన్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది. సరే, పాడతాను, కానీ గొంతుకు ఏ మార్పూ చేయకూడదంది. వాడు పట్టేస్తే ఇంకెప్పుడూ వాడి ఊసెత్తకూడదని మాట కూడా తీసుకుంది.

అప్పటికప్పుడు అల్లుకున్న నాలుగు ముక్కలు పాడింది. మెకానిక్ రుజువుకోసం అదంతా వీడియో తీసి పెట్టుకున్నాడు. రికార్డును గరగరలాడేదాకా అరగదీసి, కాగితం అంటించి అలమారాలో పెట్టాడు. తమ్ముడు భోజనానికి వచ్చి వెళ్ళాక అలమారాలో అది లేదు. ఆమె మాత్రం ఫోన్ పక్కనే పెట్టుకుని ఎదురుచూసింది. "అక్కా, ఇది నువ్వేగా!" అని వాడు నవ్వడం ఒక్కటే ఆమెకు కావాలి.

అయిదోనాడు ఇంటర్నెట్లో తమ్ముడి వీడియో వచ్చింది. వాడు కళ్ళు మూసుకుని, చెంపల మీద నీళ్ళు కారుస్తూ చెప్పాడు. ఇది యాభై ఏళ్ళ కిందటి గొంతట. ఆ గాయని ఇరవై రెండేళ్ళకే జబ్బుచేసి పోయిందట. వారం తిరిగేసరికి ఆ పాట మోగని సెలూన్ లేదు, హోటల్ లేదు.

మెకానిక్ నవ్వబోయి, భార్య ముఖం చూసి ఊరుకున్నాడు. పోనీలే, వదిలేద్దాం అని కూడా అన్నాడు.

"మీ కసి తీరింది. నాది ఇప్పుడే మొదలైంది," అందామె.

అయినా తమ్ముడికి ఇంకొక్క అవకాశం ఇచ్చింది. ముఖం కనిపించకుండా అదే పాట పాడి ఇంటర్నెట్లో పెట్టింది. అసలు గాయని కాలిగోటికి చాలవని జనం దులిపేశారు. వాళ్ళ మధ్యలో తమ్ముడు కూడా రాశాడు, చనిపోయిన మహాతల్లి పాటను ఖూనీ చేయొద్దని. అది చదివాక ఆమెలో మిగిలిన కాస్త జాలి కూడా ఆవిరైపోయింది.

వాడు ఆ గాయని గురించి పెద్ద హాల్లో, వేలమంది ముందు ప్రసంగించే రోజు దాకా ఓపిక పట్టింది. వాడు మైకు అందుకున్న నిమిషానికే మెకానిక్ తీసిన వీడియో ఇంటర్నెట్లో పెట్టేసింది. యంత్రం ముందు ఆమె పాడటం, మొగుడు కాగితం అంటించడం, అన్నీ ఉన్నాయందులో. హాల్లో జనం ఫోన్లు చూసుకుని ముందు గుసగుసలాడారు, తర్వాత పగలబడి నవ్వారు.

ఇరవైసార్లు ఫోన్ మోగాక ఎత్తింది. తమ్ముడు ఏడుస్తున్నాడు. ఇది మనిద్దరం కలిసి ఆడిన నాటకమని ఒక్క మాట చెప్పమని, లేకపోతే తన బతుకు బజారున పడుతుందని బతిమాలాడు. "నీ గొంతు నాకు తెలియదా అక్కా?" అన్నాడు.

"ఇరవై రెండేళ్ళకే పోయిందన్నావు కదరా," అందామె. "ఇరవై రెండేళ్ళప్పుడు నేను వచ్చిన సంబంధాలన్నీ వద్దని నీకు అన్నం వండిపెడుతున్నాను. నువ్వు చంపుకున్న ఆ మనిషినే వెళ్ళి అడుక్కో."

ఫోన్ పెట్టేసి, వాడి నంబరు తీసేసింది.