కోటు విప్పని అల్లుడు

మా అల్లుడు కోటు వేసుకుని భోజనానికి వచ్చినప్పుడే నాకు తేడా కొట్టింది. నడి వేసవి, ఆదివారం మధ్యాహ్నం. వీధిలో తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. లెక్కల మాస్టారు అతను, పెళ్లినాడు తప్ప కోటు తొడిగిన పాపాన పోలేదు. అలాంటి మనిషి గుండీలన్నీ పెట్టుకుని, చెమటలు కక్కుతూ, "రండి అత్తయ్యా" అని చైనీస్ హోటల్ తలుపు తెరిచి పట్టుకున్నాడు.

ఇక మా అమ్మాయి. వస్తున్నావుగా అని మూడుసార్లు ఫోన్ చేసింది. ఎందుకే ఈ హడావిడి అంటే "ఊరికేనే" అంది. మా ఇంట్లో ఆ మాటకు అర్థం వేరు. ఊరికే వచ్చానంటూ వచ్చి, లెక్కల మాస్టారిని పెళ్లి చేసుకుంటానని చెప్పింది. ఆర్నెల్ల క్రితం ఊరికే అంటూనే ఉద్యోగం మానేసింది. కాబట్టి ఊరికే పెట్టే భోజనం వెనక ఏదో ఉందని నాకు తెలుసు. అదేమిటో కూడా తెలుసు. నా కుట్టు దుకాణం.

ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ దుకాణం నాది. పక్కనున్న రెడీమేడ్ షాపువాడు గోడ కొట్టేసి కలుపుకుంటానని ఏడాదిగా తిరుగుతున్నాడు, నేను కసిరి పంపేస్తున్నాను. కొన్ని నెలలుగా మా అమ్మాయి, బడి నుంచి నా దుకాణానికి వచ్చే తన పిల్లను తీసుకెళ్లే వంకతో రోజూ సాయంత్రం రావడం, నేను కుట్టి పెట్టినవన్నీ సంచిలో వేసుకోవడం, "నేనే ఇచ్చేస్తాలే అమ్మా, దారేగా" అనడం! నా దగ్గర కుట్టించుకునే వాళ్లను ఒక్కొక్కరినే మచ్చిక చేసుకుంటోందని నేను పసిగట్టాను. రేపు దుకాణం మూసినా ఎవరూ అడగకుండా చూసుకుంటోందన్నమాట.

దానికి తోడు నా గుట్టు ఒకటుంది. మీకు చెబుతున్నాను గానీ వాళ్లకు చెప్పలేదు. నాకు చూపు ఆనడం లేదు. సూదిలో దారం మనవరాలి చేత ఎక్కించుకుంటాను. గుడ్డ మీద సుద్ద గీత కనబడక వేలితో తడుముకుంటాను. అద్దాలతో పోయేది కాదని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. ఈ సంగతి పొక్కిందంటే వాళ్లకు వేరే సాకు అక్కర్లేదు, దుకాణానికి తాళం వేయించేస్తారు. ఆ తర్వాత పొద్దున్నే లేచి నేను ఎక్కడికి వెళ్లాలి?

హోటల్లో ఎర్ర దీపాలు, అవీ గుడ్డివే. కావాలనే చీకటి కొట్టు వెతికారని అర్థమైంది. గుండ్రటి బల్ల, దాని మీద తిరిగే గాజు పళ్లెం. మా మనవరాలు ఏడేళ్లది, నోరు ఆగదు కాబట్టి కందిరీగ అంటాం. కూర్చోగానే ఆ పళ్లేన్ని గిరగిరా తిప్పడం మొదలుపెట్టింది. మా అమ్మాయి మెనూ తెచ్చి నా చేతికే ఇచ్చింది. నలుగురుండగా నాకే ఎందుకు? పరీక్ష!

నేనేమన్నా తక్కువ తిన్నానా? మెనూ తీరిగ్గా తిరగేస్తూ పక్క బల్ల వాళ్లు చెప్పేది విన్నాను.

"చికెన్ సూపు, నూడుల్స్, ఆవిరి మోమోలు," అన్నాను దర్జాగా.

"అన్నీ చదివావా అమ్మా?"

"ఎందుకు చదవను? నాకేం రోగం?"

మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొహాలు తెలియకపోయినా తలలు తిరగడం తెలుస్తుందిగా. అల్లుడి చెయ్యి ఎంతకీ కోటు మీదనుంచి కదలదు. లోపలి జేబులో కాగితాలున్నాయి. తిన్నాక, కడుపు నిండాక, సంతకం అడుగుతారు.

"బాబూ, ఉక్కగా ఉంది కదా, ఆ కోటు విప్పేయకూడదూ?" అన్నాను తేనె పూసి.

"పర్లేదత్తయ్యా, చల్లగానే ఉంది." అంటూనే రెండో చేత్తో మెడ తుడుచుకున్నాడు.

సూపు, మోమోలు వచ్చాయి. ఒక మోమో వేళ్లతో పట్టుకుని అంచు కుచ్చులు లెక్కపెట్టాను. పద్నాలుగు, అన్నీ ఒక్క కొలత. ఎవరో గానీ చెయ్యి తిరిగిన మనిషే. చూడక్కర్లేకుండా తెలిసింది కాబట్టి ఆ ఒక్క నిమిషం సుఖంగా ఉన్నాను.

"అమ్మా, నీతో ఒక మాట చెప్పాలి," అంది మా అమ్మాయి.

వచ్చేసింది అనుకున్నాను. సరిగ్గా అప్పుడే కందిరీగ పళ్లేన్ని జోరుగా తిప్పింది. సూపు గిన్నె అంచుదాకా జరిగి అల్లుడి ఒళ్లో పడింది.

"అయ్యో, కోటు! విప్పండి, మరక ఇంకిపోతుంది!"

"వద్దత్తయ్యా, ఇంటికెళ్లాక..."

మంచి గుడ్డ పాడవుతుంటే నేను చూస్తూ ఊరుకోలేను. లేచి, అతన్ని కిటికీ పక్కకు లాగి, గుండీలు నేనే తీసి కోటు ఊడబెరికాను. జేబులన్నీ తడిమాను. కాగితాలు లేవు, చేతిరుమాలు ఉంది.

"నాన్నా, నీ ఒక చెయ్యి తెల్లగా ఉందేంటి?" అంది కందిరీగ.

కిటికీ ఎండలో నాకూ కనబడింది. ముదురు నీలం చొక్కా. దానికి ఎడమ చెయ్యి మాత్రం వెలిసిపోయినట్టుంది. ముంజేతి పట్టీ పట్టుకుని తడిమి చూశాను. మూలన రెండు వరసల కుట్టు. అది నా చేతి కుట్టే. పోయిన నెల అల్లుడి పుట్టినరోజుకు నేనిచ్చిన చొక్కా అది.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి కళ్లు అక్కర్లేదు. చొక్కా చేతులు కోసేటప్పుడు గుడ్డను ముఖానికి ముఖం, అంటే రంగు తేలిన పైవైపులు రెండూ ఒకదానికొకటి, ఆనేలా మడవాలి. అలా మడవకపోతే రెండూ కుడిచేతివే వస్తాయి. నేను రెండు ముక్కలూ ఒకే వైపు పరిచి కోశాను. ఒకదాన్ని తిరగేస్తే గానీ ఎడమ భుజానికి అమరలేదు. అమరింది కదా అని కుట్టేశాను. ఏది ముఖమో, ఏది వెనకో నాకు తెలియనేలేదు. పని నేర్చుకునే వాళ్లు మొదటి నెలలో చేసే తప్పు ఇది. దానికి నేను ఎంతమందిని తిట్టానో!

సిగ్గుతో చచ్చిపోయాను.

"విప్పి ఇవ్వండి బాబూ, సరిచేస్తాను," అన్నాను.

నోట్లో నాలుక లేని మనిషి, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. "వద్దత్తయ్యా. మీరు కుట్టింది కుట్టినట్టే ఉన్నది ఇదొక్కటే."

"ఇదొక్కటే అంటే?"

అతను నాలుక కరుచుకున్నాడు. నేను మా అమ్మాయి వైపు తిరిగాను.

"ఎన్ని విప్పి కుట్టావు?"

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా?"

"ఎన్నే?"

"ఆర్నెల్లుగా... అన్నీ." లేచి నా దగ్గరికొచ్చింది. "ఇంట్లో చెబితే ఇల్లు పీకి పందిరేస్తావని ఇక్కడికి తీసుకొచ్చాను. నలుగురిలో అయితే అరవవని. మొన్న నీ దగ్గర ఎవరో కుట్టించుకున్న కోటు నా వల్ల కాలేదమ్మా. భుజం నేనొక్కదాన్నీ సరిచేయలేకపోయాను. నువ్వు పక్కనుండి చెప్పాలి."

ఉద్యోగం ఎందుకు మానేసిందో అప్పుడు తెలిసింది. సంచులు ఎక్కడికి వెళ్తున్నాయో తెలిసింది. పోయిన వారం ఒకాయన దుకాణానికి వచ్చి మరీ మీ చేతికి తిరుగులేదమ్మా అన్నాడు. ఆ మాటతో నేను నాలుగు రోజులు కడుపు నింపుకున్నాను. అది నా చెయ్యి కాదు. కోపం ముంచుకొచ్చింది. అరవాలని నోరు తెరిచాను కూడా. నా కూతుర్ని ఆర్నెల్లుగా దొంగలా కాపలా కాశానని గుర్తొచ్చి నోరు మూతపడింది.

కుర్చీ తడుముకుని కూర్చున్నాను.

"నాకు కనబడటం లేదే," అన్నాను.

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఎప్పటినుంచి అని గానీ, ఎందుకు దాచావని గానీ మా అమ్మాయి అడగలేదు. నా చేతికంటిన సూపు తుడుస్తూ, "రేపు ఎన్నింటికి రమ్మంటావమ్మా?" అంది.

"ఎనిమిదింటికి," అన్నాను. "గుడ్డ నువ్వే కోద్దువుగాని."