తాబేలు డిప్పకు పన్ను సిమెంటు

పళ్ల డాక్టరుగారి క్లినిక్‌లో, రోగులు కూర్చునే గదిలో ఒక గాజు తొట్టె, అందులో అరచేయంత తాబేలు ఉండేవి. పన్ను పీకించుకోవడానికి వణికేవాళ్లు దాన్ని చూసి కుదుటపడతారని ఆయన నమ్మకం. రెండు పూటలా పళ్లు తోమనివాళ్లను చెడామడా తిట్టే ఆ పెద్దమనిషి, తొట్టెలో నీళ్లు మార్చి నెల దాటింది.

ఒకరోజు నర్సమ్మ ముక్కు మూసుకుని వచ్చింది.

"డాక్టరుగారూ, దీని డిప్ప మీద తెల్లమచ్చలు లేచాయండీ. వేలు పెడితే మెత్తగా దిగిపోతోంది. ఒకటే కంపు!"

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "ఓస్, ఇంతేనా! పుచ్చు. నాకొదిలెయ్."

తాబేలును రోగుల కుర్చీలో పెట్టి, దీపం కిందికి దించి, గుంటల్లో పన్ను సిమెంటు నింపి నున్నగా మెరుగుపెట్టాడు. వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయాడు. వారం తిరిగేసరికి సిమెంటు పెచ్చులూడి, కింద నుంచి రసి కారింది. తాబేలు తిండి ముట్టడం మానేసింది. ఆయనకూ అన్నం సయించలేదు.

చివరికి నర్సమ్మే పోరిపోరి పశువుల డాక్టరమ్మ దగ్గరికి పంపింది.

"నీళ్లు ఎన్నాళ్లకోసారి మారుస్తారు?" అందావిడ, డిప్ప వాసన చూసి.

"రోజూనండీ."

"నిజం చెప్పండి."

"అంటే... రోజు విడిచి రోజు."

ఆవిడ ఊరికే చూసింది. తన రోగుల మీద ఆయన రోజూ విసిరే చూపే అది. "నెలైందండీ," అన్నాడు తల దించుకుని.

"ఈ సిమెంటు పూసిన మహానుభావుడెవరు? కుళ్లు లోపల పెట్టి పైన మూతేశాడు!"

"ఎవరో... తెలిసినాయన."

ఆవిడ సిమెంటంతా గీకేసింది. "రోజూ మెత్తటి బ్రష్షుతో కడిగి, ఆరనిచ్చి, అయోడిన్ మందు రాయండి. తిండి వేళ గంటసేపు శుభ్రమైన నీళ్లలో వదిలి, మిగతా అంతా పొడిగా ఉంచండి. ఎండ తగలాలి. నెలలు పడుతుంది, తొందరపడకండి."

ఆయన అక్షరం పొల్లు పోకుండా చేశాడు. కుర్చీలో మనిషి నోరు తెరుచుకుని ఉండగానే, పక్క బల్ల మీద తాబేలు వీపు తోముతూ ఉండేవాడు.

"ఇహ నోరు మూసుకోవచ్చా డాక్టరుగారూ?"

"ఒక్క నిమిషం, ఈ అంచు మిగిలింది!"

నాలుగో వారం, మందు రాస్తుంటే తాబేలు మెడ చాచి ఆయన బొటనవేలు కరిచి పట్టుకుంది. ఆయన కెవ్వుమన్నాడు. నర్సమ్మ దూదితో పరుగెత్తుకొచ్చింది.

"దూది కాదమ్మా, ఆకుకూర పట్రా!" అన్నాడాయన, కళ్లనీళ్లతో నవ్వుతూ. "దీనికి ఆకలేస్తోంది!"