మాస్టారి నవ్వు

"పొయ్యి మీద ఉన్నది కూరా, మైనమా? రెండూ ఒకటే కంపు కొడుతున్నాయి కదే తల్లీ!" అంది అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి.

రెండూనూ. ఒక పొయ్యి మీద మధ్యాహ్నానికి కూర, రెండో పొయ్యి మీద ఆ ఇంటాయన కీర్తి. కోడలు ఒక చేత్తో దాన్నీ, రెండో చేత్తో దీన్నీ కలుపుతూనే ఉంది. జవాబు చెప్పి మాత్రం ఏం లాభం? "మావాడు పేరు మోసిన శిల్పి. మా కోడలు కూడా ఏదో చేతిసాయం చేస్తూ ఉంటుందిలెండి" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పే మనిషికి ఏం చెప్పి ఒప్పిస్తాం!

చేతిసాయమట, చేతిసాయం! అందరూ మాస్టారూ మాస్టారూ అంటూ వెంటపడే ఆ మహానుభావుడు చేసేదల్లా కాగితం మీద నాలుగు గీతలు గీకి సోఫాలో వాలడం. మైనంతో బొమ్మ మలిచేది ఆమె. దానికి మట్టి పూసి, కాల్చి, మైనం కరిగి కారిపోయాక మిగిలిన ఖాళీలో కంచు పోయించేది ఆమె. చల్లారాక మట్టి పగలగొట్టి, ఆకురాయి పట్టి, ఉలితో చెక్కి, మందునీళ్లు పూసి, మంట చూపించి ఆ ముఖానికి రంగూ ప్రాణమూ తెచ్చేదీ ఆమే. సొమ్మొకడిది, సోకొకడిది. కాలేజీలో ఇద్దరిదీ ఒకటే క్లాసు. గురువుగారు ఆమె బొమ్మ దగ్గర ఆగేవారు, అతని బొమ్మను దాటుకుంటూ పోయేవారు. పెళ్లయ్యాక "ఒకే ఇంటికి రెండు బోర్డులేం బాగుంటాయి చెప్పు? నా పేరంటే నీ పేరు కాదూ?" అన్నాడు, తల నిమురుతూ. ఆ నిమరడానికే పడిపోయింది పిచ్చిమొహం.

ఆమె కోరింది కొండ మీద కోతినేం కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నలుగురిలో నిలబడి "ఇది చేసింది ఈవిడ" అని అతను అంటే చాలు. కిందటేడు సిగ్గు విడిచి ఆ మాట అడిగేసింది కూడా. అతను నవ్వాడు. పెదవి ఎడమ మూల కొంచెం పైకి లేచింది, ఒక కన్ను చిన్నదైంది. "చెయ్యి నీదైతే అయిందిలే. బుర్ర ఎవరిదనుకున్నావ్?" అని, టీ తెమ్మన్నాడు. ఆమె తెచ్చింది.

ఇప్పుడు అతను పాఠాలు చెప్పే అకాడమీ వాళ్లు పెద్ద హాల్లో అతని విగ్రహమే పెడతామన్నారు. "మీ ముఖాన్ని మీ చేతులతోనే చేసివ్వాలి మాస్టారూ!" అని ముచ్చటపడ్డారు. అతను ఇంటికొచ్చి, "గడ్డం కింద వేలాడేది తీసెయ్. కళ్లల్లో కాస్త దయ పెట్టు" అని ఆమెకు పురమాయించాడు.

పెట్టింది. లేని దయను మైనంలో పెట్టడం ఆమెకు కొత్తా ఏమిటి? అతను చుట్టూ తిరిగి చూసుకుని "శభాష్" అన్నాడు. అంతటితో అతని పని అయిపోయింది. కొలిమి పొగ అతనికి పడదు. ఆ మాట చెప్పుకోవడం నామోషీ కనుక, "కంచులోకి మారాక నా బొమ్మను జనంతో పాటే నేనూ మొదటిసారి చూస్తాను" అని దాన్నొక నియమం చేసి పెట్టాడు. పేపర్లవాళ్లు అబ్బో అని రాసుకున్నారు. బద్ధకానికి అంత గౌరవం ఇంకెక్కడా దక్కి ఉండదు.

అతను అటు వెళ్లగానే ఆమె కత్తి వేడి చేసింది. పెదవి ఎడమ మూల పైకి లేపింది. కన్ను చిన్నది చేసింది. వెక్కిరింపుగా చెయ్యలేదు, వెంట్రుకవాసి ఎక్కువా చెయ్యలేదు. ఉన్నది ఉన్నట్టు చేసింది, అంతే. కంచు పోసి, మట్టి పగలగొట్టాక కొలిమి మేస్త్రీ తల గోక్కున్నాడు.

"ఏంటమ్మా, మాస్టారు ఇట్లా నవ్వుతున్నారు?"

"నన్ను చూసి నవ్వుతున్నారులే," అంది ఆమె, ఆకురాయి అందుకుంటూ.

విగ్రహం ఆవిష్కరించే రోజు హాలు కిటకిటలాడిపోయింది. మాస్టారు కొత్త కోటు వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. అకాడమీ అధ్యక్షురాలు తెర లాగింది. చప్పట్ల చప్పుడే లేదు. ఎందుకుంటుంది? అక్కడున్న ప్రతివాళ్లకీ ఏదో ఒకనాడు ఆ నవ్వు తగిలే ఉంది. సందేహం అడిగిన విద్యార్థులకు తగిలింది, కుర్చీ తుడిచిన ఆయాకు తగిలింది. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. ఇంతలో చెవులు సరిగా వినపడని అత్తగారు గొంతెత్తింది.

"అచ్చం మావాడే! నన్ను చూసి కూడా ఇట్లాగే నవ్వుతాడు, వెధవ!"

హాలు హాలంతా గొల్లుమంది. మాస్టారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. లేచి వెళ్లి మైకు లాక్కున్నాడు.

"ఆపండి! ఇది నేను చెయ్యలేదు! నాకేం సంబంధం లేదు! ఇది చేసింది అదిగో, ఆవిడ! మొదటి నుంచీ చివరిదాకా అంతా ఆవిడే చేసింది!"

నవ్వులు ఆగిపోయాయి. అధ్యక్షురాలు కళ్లజోడు తీసి అతని వంక చూసింది.

"మరి మిగతావో, మాస్టారూ?"

అతను భార్య వైపు చూశాడు. జన్మలో మొదటిసారి ఆ కళ్లల్లో బతిమాలుకోవడం కనిపించింది. ఆమెకు తెలుసు, ఒక్క మాట చాలు. "ఏదో కోపంలో అన్నారండీ, ఆయన చేసినవే" అంటే అన్నీ మళ్లీ సర్దుకుంటాయి. సర్దడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఇంటికెళ్లి టీ కూడా పెట్టొచ్చు.

ఆమె లేచింది. తొందరపడకుండా నడిచి వెళ్లి, అతని చేతిలోంచి మైకు తీసుకుంది. అతను వదల్లేక వదిలాడు.

"అవీ నేనే చేశానండీ," అంది. "నా మాట నమ్మక్కర్లేదు. ఇప్పుడే, ఇక్కడే, ఆయన ముందు ఇంత మైనం పెట్టండి. బొమ్మ కూడా వద్దు, ఒక్క చెవి చేసి చూపించమనండి చాలు."