చెవి వెనక బల్లి

పొద్దున్నే ఆ ఇంట్లో అందరూ వెతికేది బల్లిని. పాలు పొంగినా, పంపులో నీళ్ళు ఆగినా తర్వాత చూసుకోవచ్చు, బల్లి దొరికితే గాని పిల్ల రెండో మేజోడు తొడుక్కోదు. మొదటిది తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని, మంచం అంచున నోరు తెరుచుకుని అలాగే కూర్చుంటుంది.

ఆ బల్లి ఆ పిల్ల ధ్యాస. కొందరు పిల్లలకి ముక్కు కారుతుంది, కొందరికి పళ్ళు ఎగుడుదిగుడుగా వస్తాయి, ఈ పిల్లకి ధ్యాస గోడెక్కుతుంది. ఎడమ చెవి వెనక నుంచి దిగి, మెడ మీదుగా పాకి, దగ్గర్లో ఉన్న గోడ పట్టుకుని తన దారిన తను పోతుంది. అది ఏం చూస్తే పిల్లకి అదే కనబడుతుంది. వంటగదిలో అలమర వెనక బల్లి ఉందనుకోండి, ఇవతల గదిలో మంచం మీద నుంచి పిల్ల చెబుతుంది, "అమ్మా, అలమర వెనక ఉల్లిపాయ మొలకెత్తింది, తల వంచి మనల్నే చూస్తోంది" అని. వెళ్ళి చూస్తే ఉల్లిపాయ ఉంటుంది, మొలకా ఉంటుంది, తల వంచే ఉంటుంది. ఇన్ని దిక్కులు చూస్తుంది కాబట్టి ఆ పిల్లని ఇంటాబయటా అందరూ దిక్కులు అనే పిలుస్తారు.

బల్లితో ఎవరికీ పేచీ లేదు, తల్లికి తప్ప. తల్లికి అసలు లోకమంటేనే అసహ్యం. అందులో ఆమె తప్పు కొంచెమే. బిస్కెట్ల ఫ్యాక్టరీలో బెల్టు ముందు కూర్చుని, విరిగినవీ మాడినవీ ఏరి పక్కన పడెయ్యడం ఆమె ఉద్యోగం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కళ్ళు బెల్టు మీదే. ఒకసారి ఒక బిస్కెట్లో మీసం దొరికింది. బొద్దింకది. మీసం ఒక్కటే. మిగతా బొద్దింక ఎటు పోయిందా అని ఆమె ఈ రోజుకీ ఆలోచిస్తూ ఉంటుంది, ముఖ్యంగా ఎవరైనా బిస్కెట్టు నములుతూ ఎదురుపడ్డప్పుడు.

అలాంటి మనిషికి ఇంట్లో బల్లి. స్నానాలగది దీపం మీద దాని రెట్ట, దువ్వెన మీద దాని రెట్ట, ఒకసారి మడతపెట్టిన తువ్వాల్లో తెల్లటి గుడ్డులాంటిదేదో. అది గుడ్డు కాదు, బఠానీ గింజ అని పిల్ల ఎంత చెప్పినా తల్లి ఆ తువ్వాలు మళ్ళీ వాడలేదు. బల్లిని పట్టాలంటే పాత కాగితం మడత పెట్టి, ముఖం పక్కకి తిప్పుకుని, పళ్ళ బిగువున పట్టి, పిల్ల చెవి దగ్గర వదిలేది.

వేసవి సెలవులకి ఇంకా కొన్ని వారాలున్నాయనగా బడి నుంచి కబురొచ్చింది. తల్లి వెళ్ళేసరికి టీచరు బల్ల మీద ఫ్లాస్కు మూత ఉంది, మూతలో టీ ఉంది, టీలో ఉదయం ఏం పడిందో ఆవిడ చెప్పక్కర్లేకుండానే తల్లికి అర్థమైంది. ఇద్దరూ కాసేపు ఆ మూత వైపు చూడకుండా కూర్చున్నారు.

"చూడండమ్మా," అంది టీచరు, "గోడకి చెప్పుకోవడం అంటారు కదా, నేను రోజూ నిజంగానే గోడకి చెప్పుకుంటున్నాను. మీ అమ్మాయి ఉండేది అక్కడే కాబట్టి. బెంచీ మీద కూర్చున్నది ఖాళీ డబ్బా."

"ఇంట్లోనూ అంతేనండి."

"సెలవుల ముందు నా ఎదురుగా కూర్చుని ఒక్క పరీక్ష రాయాలి. మొదటి ప్రశ్న నుంచి చివరిదాకా. బల్లి బయటికి రాకూడదు. రాస్తే పైక్లాసుకి పంపిస్తాను. లేదంటే ఇంకో ఏడాది ఇక్కడే."

దిక్కులు ఆ మాట వింది. ఎందుకంటే అప్పుడు బల్లి ఆ గదిలోనే, టీచరు గొడుగు మీద ఉంది. స్నేహితురాళ్ళందరూ మేడ మీద క్లాసుకి వెళ్ళిపోతే, తను కింద చిన్నపిల్లల మధ్య కొంగలా మిగలాలి. ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.

ఆ రోజు నుంచి తల్లి పిల్ల చెవి వెనక గాయాలకి వేసే ప్లాస్టరు అంటించడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున పాతది పీకి కొత్తది వెయ్యడం, అదీ తడుముకుంటూ, ముఖం అటు తిప్పుకుని. బల్లి లోపలే ఉండిపోయింది. కానీ లోపల చీకటి. అది చూసేది చీకటే కాబట్టి పిల్లకి పలక మీద రాసిన లెక్కా చీకటే. తలనొప్పి అదనం.

"ఈ మూత పెట్టడాలు కాదే అక్కా," అంది పిన్ని. తల్లికి చెల్లెలు, అదే ఇంట్లో ముందుగదిలో బట్టలు కుడుతుంది, నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది. "తీపి డాక్టరు దగ్గరికి పోదాం. నా పులిపిర్లు పోలా?"

"అవి వాటంతటవే పోయాయి."

"పోతే పోయాయి. పోయేదాకా తియ్యగా ఉంది కదా."

తీపి డాక్టరు హోమియో డాక్టరు. ఆయన గదిలో స్పిరిట్ వాసన, దాని కింద తడికుక్క వాసన, దాని కింద ఇంకేదో పేరు లేని వాసన. కుర్చీ రెక్సిను చిరిగిన చోట ఎవరో చూయింగ్ గమ్ దాచుకుని వెళ్ళారు. తల్లి కుర్చీ అంచున, అంటే గాల్లో అన్నమాట, కూర్చుంది. ఒక మూల చేపల తొట్టి ఉంది. నీళ్ళు ఆకుపచ్చగా చిక్కబడి ఉన్నాయి. డాక్టరుగారు మర్యాదగా ప్లాస్టరు తీయమన్నాడు, తీయగానే బల్లి సరాసరి తొట్టి మీదికి పోయింది. కాబట్టి దిక్కులు ఆ తర్వాత గంటసేపూ చేపతోనే ఉంది.

డాక్టరుగారు మంచివాడు. నెమ్మదైన గొంతు, ముక్కులోంచి కాస్త వెంట్రుకలు. ఆయన పద్ధతేమిటంటే, జబ్బు పేరు అడగడు, మనిషి గురించి అడుగుతాడు. మనిషి ఎలాంటిదో తెలిస్తే మందు దానంతటదే తెలుస్తుందంటాడు.

"పాపకి చెమట ఎక్కడ ఎక్కువ?"

"మెడ వెనక," అంది తల్లి. "పులిసిన పిండి వాసన."

"నిద్రలో పళ్ళు కొరుకుతుందా?"

"కొరుకుతుంది. పొద్దున దవడ నొప్పి."

"ఎవరికి, దీనికా?" అంది పిన్ని. "ఇది నిద్రలో నవ్వుతుంది కదే."

"నువ్వుండవే. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే."

"ఏవైనా చూస్తే అసహ్యమా?" అన్నాడు డాక్టరు.

ఇలాంటి ప్రశ్న ఆమెని అంతవరకూ ఎవరూ అడగలేదు. తల్లి కుర్చీలో వెనక్కి ఆనుకుంది, చూయింగ్ గమ్ సంగతి మర్చిపోయి.

"మీగడండి. పాల మీద ముడతలు పడి ఊగుతుంది చూడండి, అది. సబ్బుకి అంటుకున్న వెంట్రుక. బస్సులో పట్టుకునే కమ్మీ, అప్పుడే ఎవరో వదిలి వెళ్ళి ఉంటే వెచ్చగా ఉంటుంది, ఆ వెచ్చదనం. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే పెదాల మూలల్లో తెల్లగా చేరుతుంది కదా, అది. వెనీలా వాసన. జనం. నమిలే చప్పుడు."

"మీగడైతే ఇది గిన్నె నాకుతుంది అక్కా," అని గొణిగింది పిన్ని.

"ఇంట్లోవాళ్ళు దగ్గరికొస్తే?" అన్నాడు డాక్టరు, రాసుకుంటూ.

"పక్కకి జరగాలనిపిస్తుంది." తల్లి గొంతు తగ్గింది. "ఇష్టం లేక కాదు. ఎవరూ ముట్టుకోకుండా ఒక్క గంట ఎక్కడైనా కూర్చోవాలని. కిటికీ ఉన్నచోట."

డాక్టరు కలం ఆపి చాలాసేపు ఆలోచించాడు. తర్వాత చిన్న సీసాలో తెల్లటి గుళికలు పోసి, వాటి మీద రెండు చుక్కలు వేసి కుదిపాడు.

"ఇది పిల్లలకి నేను ఎప్పుడోగాని ఇవ్వను. ఎక్కువగా అలిసిపోయిన ఆడవాళ్ళకి ఇస్తుంటాను. కానీ లక్షణాలు దీన్నే అడుగుతున్నాయి, నా చేతుల్లో ఏముంది?"

"దేనితో చేస్తారండి?"

"సముద్రంలో ఒక జీవి ఉంటుంది. భయపడితే నల్లటి సిరా వదులుతుంది. ఆ సిరా."

"చేప వాంతా?"

"వాంతి కాదమ్మా. సిరా. దాన్ని పలచన చేసి కుదిపి, మళ్ళీ పలచన చేసి మళ్ళీ కుదిపి, అలా పోతూ ఉంటే చివరికి అందులో అది ఏమీ మిగలదు. మిగలకపోయేసరికి బలం వస్తుంది."

తల్లి సీసా వైపు చూసింది. "మా ఫ్యాక్టరీలో ఒక బొద్దింక ఇలాగే పలచనైపోయింది," అంది.

గుళికలు చేత్తో ముట్టుకోకూడదు, కాఫీ తాగకూడదు, ఘాటు వాసనలు పనికిరావు. తన వరకు తల్లి అన్నీ పాటించింది. అన్నింటికీ మించి ఫ్యాక్టరీ అలవాటొకటి పాటించింది: ఏదైనా సరే, ముందు తను నోట్లో వేసుకుని చూడందే పిల్లకి పెట్టదు. పూటపూటా మూతలోకి నాలుగు గుళికలు ఒంపుకుని, కళ్ళు మూసుకుని, సముద్రపు జీవిని తలుచుకుని ఒళ్ళు జలదరించగా మింగేది. తర్వాత నాలుగు పిల్ల అరచేతిలో పోసేది. పిల్ల వాటిని నోట్లో వేసుకోవాలంటే ధ్యాస ఉండాలిగా. గుళికలు అరచేతిలోనే జిగటగా కరిగి, మోచెయ్యి దాకా కారి, చీమలు బారు కట్టేవి. దుప్పట్లో చీమలు, జడలో చీమలు. ప్లాస్టరు మారుస్తున్నప్పుడు బయటపడ్డ రెండు నిమిషాల్లో బల్లి ఆ చీమల్ని మెక్కి బలిసింది. పిల్లలో మార్పేమీ లేదు.

మార్పు ఇంకోచోట మొదలైంది. తల్లికి ఎడమ చెవి వెనక దురద.

"కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు," అంది పిన్ని, అక్క జుట్టు పక్కకి తీసి చూస్తూ. "మన ఇంట్లో పిల్ల చెవికి మందేస్తే తల్లి చెవి వాచింది. ఎందుకో తెలుసా? ఆయన అడిగిందంతా దాని గురించి. నువ్వు చెప్పిందంతా నీ గురించి."

"నా గురించి విడిగా ఎవరూ అడగలేదుగా," అంది తల్లి.

పిన్ని నోట్లోంచి గుండుసూదులు తీసేసింది. అది ఆమె చాలా అరుదుగా చేసే పని. "చిన్నప్పుడు నీకూ ఉండేదే అక్కా. నీ బల్లి. బెల్టు దగ్గర చేరాక నేను మళ్ళీ చూళ్ళేదు."

పరీక్ష రోజు మధ్యాహ్నం ఖాళీ క్లాసులో ముగ్గురే ఉన్నారు. దిక్కులు ముందు బెంచీలో, చెవి వెనక గట్టిగా రెండు ప్లాస్టర్లతో. టీచరు తన కుర్చీలో. తల్లి గోడవారన. కాగితం ముందుంది, కలం చేతిలో ఉంది, పిల్ల కళ్ళు కాగితం మీదే ఉన్నాయి, ఆ కళ్ళలో ఏమీ లేదు. ఒక్క అక్షరం పడలేదు. టీచరు గడియారం చూసుకుంది. పిల్ల కింది పెదవి వణకడం మొదలైంది.

అప్పుడు తల్లి చెవి వెనక చర్మం ముడత విప్పుకుని, సన్నటి బల్లి ఒకటి దిగింది. ఎన్నేళ్ళుగానో వెలుతురు చూడనిది. నానిన కాగితంలా తెల్లగా, లోపలి పేగులు కనబడేంత పలచగా ఉంది. చూడటానికి పరమ రోతగా ఉంది. తడబడుతూ గోడెక్కి, కప్పు మీదికి చేరి, బెంచీకి సరిగ్గా పైన ఆగింది.

తల్లికి పైనుంచి తన కూతురు కనబడింది. పాపిడి వంకరగా ఉంది, పొద్దున తనే ఎటో చూస్తూ తీసినది. చెవి వెనక ప్లాస్టరు అంచులు మురికితో నల్లబడి లేచి ఉన్నాయి. వాటి కింద చర్మం తెల్లగా నాని, పుండై, పసుపు రసి ఊరుతోంది. ఆ రసిలో ఒక చీమ కాలు ఇరుక్కుని కొట్టుకుంటోంది. పుట్టి బుద్ధెరిగాక ఇంత అసహ్యమైనది ఆమె చూడలేదు. అది రోజూ తన చేతుల మీదుగా తయారైందే.

ఆమె లేచి వెళ్ళి, రుమాలు నీళ్ళతో తడిపి, పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఈసారి ముఖం తిప్పుకోలేదు. ప్లాస్టరు ఒక అంచు నుంచి మెల్లగా ఊడదీసింది. వాసన వచ్చింది. రసి వేలికి అంటింది. పిల్ల "స్స్" అంది. చీమని తీసి నేల మీద వదిలి, పుండంతా తుడిచి, నోటితో ఊదింది. లోపలి నుంచి కూతురి బల్లి నలిగిన ఒళ్ళు విదిలించుకుంటూ బయటికొచ్చి, గోడ పట్టుకుని పోయింది.

"అమ్మా, మన ఒప్పందం బయటికి రాకూడదని," అంది టీచరు.

తల్లి పలకలేదు. టీచరు మళ్ళీ అంది. తల్లి నోరు తెరుచుకుని అలాగే ఉంది.

"అమ్మ పైనుంది మేడం," అంది దిక్కులు, కప్పు వైపు చూపించి. "పిలవకండి. పిలిస్తే ఇంకా దూరం పోతుంది. ఒక చిన్న పని చూపించి ఊరుకుంటే అదే దిగి వస్తుంది. నాకు తెలుసు."

"నీకెలా తెలుసు?"

"నాదీ అంతేగా. ఎవరూ అడగలేదు."

టీచరు ఆ తల్లినీ పిల్లనీ మార్చి మార్చి చూసింది. లేచి, ప్రశ్నపత్రాన్ని మడిచి, మొదటి ప్రశ్న ఒక్కటే కనబడేట్టు బెంచీ మీద పెట్టింది. ఏమీ అనకుండా వెనక్కి వచ్చి కూర్చుంది. కాసేపటికి కూతురి బల్లి గోడ దిగి, కాగితం అంచున ఆగి, తల అటూ ఇటూ తిప్పి చూసింది. పిల్ల రాయడం మొదలుపెట్టింది. సగం వాక్యంలో బల్లి వెళ్ళిపోయింది, కలం ఆగింది. బల్లి వచ్చింది, కలం కదిలింది. మధ్యలో జవాబు మీద రెట్ట వేస్తే టీచరు స్కేలు అంచుతో దులిపి, స్కేలు చివర పట్టుకుని బయట పారేసి వచ్చింది.

తల్లి తన ధ్యాస తిరిగొచ్చాక పిల్ల పక్కనే బెంచీలో ఒదిగి కూర్చుంది. పక్కకి జరగలేదు. ఇదంతా గుళికల మహిమేనంటాడు తీపి డాక్టరు. అననీ పాపం, చీమలు కూడా కాదనవు.

ఎండ బెంచీల మీద నుంచి జారి గుమ్మం దాటింది. గదులకి తాళాలేసే మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, తర్వాత అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. అన్ని జవాబులూ అయ్యాయి, చివరిది తప్ప. టీచరు అప్పటికే చదివినవాటిలో తప్పు లేదని చూసుకుంది. పైక్లాసు హాజరుపట్టీలో ఎక్కించాల్సిన పేరు మనసులో ఎక్కించేసుకుంది కూడా. అయినా ఆమె కాగితం లాక్కోలేదు.

"ఇది సగంలో ఆగిందేంటే?" అంది.

దిక్కులు కలం మూత తీసే ఉంచి, కిటికీ పైనున్న గోడ వైపు చూసింది.

"వస్తోంది మేడం," అంది. "దారిలో ఉంది."